చెవులున్న రాగి బిస్కట్లు

ఒరే పిల్లలూ, బిస్కట్టుకు చెవులుంటాయా? ఉంటాయన్నాడు మెహ్మెత్ చాకిర్ అనే టర్కీ యువకుడు. 1982 వేసవి మాట ఇది. స్పాంజీలు ఏరి అమ్మడం అతని వృత్తి. స్పాంజి అంటే మన వంటింట్లో గిన్నెలు తోముకునే ప్లాస్టిక్ ముక్క కాదర్రా. సముద్రం అడుగున రాళ్ళకు అంటుకుని బతికే జీవి. దాన్ని కోసుకొచ్చి, శుభ్రం చేసి, ఎండబెట్టి స్నానానికి వాడుకునేందుకు అమ్ముతారు. టర్కీకి నైరుతి తీరాన కాష్ అని చిన్న ఊరుంది. దానికి కాస్త దూరంలో ఉలుబురున్ అనే రాతి కొన సముద్రంలోకి పొడుచుకుని ఉంటుంది. చాకిర్ దాని పక్కన మునిగి, పైకొచ్చి, "అడుగున చెవులున్న లోహపు బిస్కట్లు పడున్నాయి" అని తన పడవ పెద్దకు చెప్పాడు.

ఇంకెవరైనా అయితే నీళ్ళలో ఏదో చూసి భ్రమపడ్డావులే అనేవారు. ఆ పెద్దాయన అనలేదు. ఎందుకంటే ఆ బిస్కట్ల బొమ్మలు ఆయన ముందే చూశాడు. నీటి అడుగున పాత ఓడల్ని వెతికే శాస్త్రవేత్తలు కొందరు ఏటా ఆ తీరంలోని ఊళ్ళన్నీ తిరిగేవారు. స్పాంజీలు ఏరేవాళ్ళను కూర్చోబెట్టి, తెరమీద బొమ్మలు వేసి, "ఇలాంటివి ఎప్పుడైనా కనిపిస్తే మాకు చెప్పండి" అని అడిగేవారు. ఈ సంగతి నాకు ఎంతో నచ్చుతుందర్రా. సముద్రం అడుగు సంగతి పుస్తకాలు చదివినవాళ్ళకన్నా అందులో రోజూ దిగేవాళ్ళకే బాగా తెలుసని గుర్తించి, వాళ్ళ గుమ్మంలోకి వెళ్ళి అడగడం పెద్దమనిషితనం. ఆ పద్ధతి నేర్పినాయన జార్జ్ బాస్. అమెరికా వాడు. 1973లో ఈ పని కోసమే ఒక సంస్థను కూడా పెట్టాడు.

ఉలుబురున్ సంగతి తెలియాలంటే ముందు బాస్ సంగతి తెలియాలి. 1960లో ఆయన అప్పుడప్పుడే పాతికేళ్ళు దాటిన పరిశోధక విద్యార్థి. టర్కీ తీరంలోనే గెలిదోన్యా అనే చోట ఒక పాత ఓడ సరుకు ఉందని పీటర్ థ్రాక్‌మార్టన్ అనే పాత్రికేయుడు స్పాంజి పడవలవాళ్ళ దగ్గర విని కబురు తెచ్చాడు. అంతవరకూ నీటి అడుగు పని అంటే గజ ఈతగాళ్ళు మునిగి వస్తువులు తెచ్చి ఇవ్వడం, పండితులు పైన పడవలో కూర్చుని చూడడం. బాస్ అలా కాదన్నాడు. పొలంలో దిబ్బ తవ్వేటప్పుడు పురావస్తు శాస్త్రజ్ఞుడు గోతిలోకి తానే దిగుతాడు కదా, నీళ్ళల్లో మాత్రం ఎందుకు దిగకూడదు అని, ఈత కొలనులో పాఠాలు నేర్చుకుని తానే దిగాడు. ఒక ప్రాచీన ఓడను సముద్రం అడుగునే కొలతలు తీసుకుంటూ, పటం గీసుకుంటూ ఆసాంతం తవ్వడం అదే మొదలు. ఆ ఓడ క్రీస్తుపూర్వం 1200 ప్రాంతానిది. దాన్నిండా రాగి దిమ్మెలు.

ఆ రాగిని చూసి బాస్ ఒక మాటన్నాడు. పండితులకు అది రుచించలేదు. ఆ రోజుల్లో మధ్యధరా సముద్రంలో వ్యాపారమంతా గ్రీసు దేశపు మైసీనియన్ల చేతిలోనే ఉండేదని అందరూ నమ్మేవారు. ఎందుకలా? సిరియాలో, సైప్రస్‌లో, ఈజిప్టులో ఎక్కడ తవ్వినా మైసీనియన్ల కుండలు విరివిగా దొరుకుతాయి. గ్రీసులో తవ్వితే తూర్పు దేశాల సరుకు అంతగా కనిపించదు. కాబట్టి ఓడలు నడిపింది గ్రీసువాళ్ళే అని లెక్కగట్టారు.

బాస్ ఏమన్నాడంటే: తూర్పు నుంచి వెళ్ళింది ముడిసరుకు కదా, అది మీకు ఎలా కనిపిస్తుంది? రాగి దిమ్మె రేవులో దిగగానే కొలిమిలోకి పోతుంది, కత్తి అవుతుంది, గిన్నె అవుతుంది. ఇంక దాని పుట్టుక ఎవరికి తెలుస్తుంది? మన ఇంటినే చూడండి. వందేళ్ళ తర్వాత ఎవరో ఈ ఇంటి దిబ్బ తవ్వితే స్టీలు గిన్నెలు, పింగాణీ కప్పులు దొరుకుతాయి. నెల నెలా బస్తాలకొద్దీ వచ్చిన బియ్యం మాత్రం గింజ కూడా దొరకదు. అప్పుడు వాళ్ళు, ఈ ఇంట్లోవాళ్ళు గిన్నెలు తప్ప ఏమీ కొనేవారు కాదు కాబోలు అనుకుంటే ఎంత పొరపాటు! 1967లో ఈ వాదనంతా పుస్తకంగా వేశాడు బాస్. చాలామంది కొట్టిపారేశారు. ఒక్క ఓడను చూసి ఇంత మాట అంటావా అన్నారు. అప్పుడు దొరికింది ఉలుబురున్.

1984లో తవ్వకం మొదలైంది. మొదటి ఏడు బాస్ నడిపించాడు, ఆ తర్వాత జెమాల్ పులాక్ అనే ఆయన పగ్గాలు పట్టాడు. 1994 దాకా, ఏటా వేసవిలో, మొత్తం 11 సార్లు తవ్వారు. ఎందుకన్నేళ్ళు అంటారా? ఓడ పడి ఉన్నది నిటారుగా దిగే వాలు మీద. పై అంచు 44 మీటర్ల లోతున ఉంటే, కిందికి దొర్లిన సరుకు 61 మీటర్ల దాకా ఉంది. 50 మీటర్ల లోతున ఒంటిమీద పడే ఒత్తిడి నేలమీద ఉన్నదానికి ఆరు రెట్లు. అంత ఒత్తిడిలో పీల్చే గాలిలోని నత్రజని రక్తంలోకి, కండల్లోకి మామూలుకన్నా చాలా ఎక్కువగా కరిగిపోతుంది. అది తలకెక్కి మత్తు తెస్తుంది. ఏ పని చేస్తున్నామో, గడియారంలో ముల్లు ఎక్కడుందో కూడా తెలియని మత్తు. ఇంకో ప్రమాదమూ ఉంది. గబాలున పైకొస్తే ఆ కరిగిన నత్రజని బుడగలుగా విడిపోతుంది. ఆ బుడగ కీలులో పడితే నొప్పి, వెన్నుపాములో పడితే కాళ్ళు చచ్చుబడతాయి, ప్రాణమే పోవచ్చు. అందుకని ఒక్కొక్కరు రోజుకు రెండుసార్లే దిగేవారు. దిగినప్పుడల్లా అడుగున ఇరవై నిమిషాలే పని. పైకొస్తూ ఉపరితలానికి దగ్గర్లో ఆగి, స్వచ్ఛమైన ఆక్సిజన్ పీలుస్తూ నత్రజనిని నెమ్మదిగా వదిలించుకునేవారు. అడుగున గాలి నింపిన పారదర్శకమైన గోపురం ఒకటి నిలబెట్టి, దానికి టెలిఫోన్ బూత్ అని పేరు పెట్టుకున్నారు. ఏదైనా ఇబ్బంది వస్తే అందులో తల దూర్చి ఊపిరి పీల్చుకోవచ్చు, పైనున్న పడవవాళ్ళతో మాట్లాడవచ్చు. పదకొండు వేసవుల్లో మొత్తం 22,413 సార్లు దిగారు. ఆ లెక్క చూస్తే నాకు చేతులు జోడించాలనిపిస్తుంది.

మరి దొరికిందేమిటి? ముందు ఆ బిస్కట్ల సంగతి చెబుతాను. అవి రాగి దిమ్మెలు. దీర్ఘచతురస్రంగా ఉండి, నాలుగు మూలలా నాలుగు కొమ్ములు బయటికి సాగి ఉంటాయి. చాకిర్‌కు చెవుల్లా కనిపించినవి ఇవే. ఒక్కొక్కటి సుమారు 24 కిలోలు. ఇద్దరు మనుషులు చెరో పక్కా పట్టుకోవడానికో, జంతువు వీపున కట్టడానికో ఆ మూలలు బాగా పనికొస్తాయి. అలాంటివి 350కి పైగా, ఓడ పొట్టలో అడ్డంగా నాలుగు వరుసల్లో, జారకుండా ఒకదానిమీద ఒకటి సగం సగం పరిచి ఉన్నాయి. కింద చెక్కకు దెబ్బ తగలకుండా ముళ్ళకంప పరుపు వేశారు. గుండ్రటి చిన్న దిమ్మెలు వేరే. అన్నీ కలిపి 10 టన్నుల రాగి. దాని పక్కనే 1 టన్ను తగరం.

ఈ పదికి ఒకటి అన్న లెక్క గమనించారా? పది పాళ్ళ రాగికి ఒక పాలు తగరం కలిపితే కంచు. ఒట్టి రాగి కరగాలంటే 1085 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి. తగరం కలిపితే అంతకన్నా తక్కువ వేడికే కరుగుతుంది, అచ్చులోకి చక్కగా పారుతుంది, చల్లారాక రాగికన్నా గట్టిగా నిలుస్తుంది. ఆ కాలంలో ఇనుము ఇంకా వాడుకలోకి రాలేదు. కత్తి, గొడ్డలి, ఉలి, కొడవలి అన్నీ కంచువే. అంటే ఆ ఓడ 11 టన్నుల కంచుకు సరిపడా సరుకు మోసుకుపోతోంది. అది రేవు చేరి ఉంటే ఏ దిమ్మె ఎక్కడిదో మనకు తెలిసేదే కాదు.

ఆ రాగి ఏ దేశపుదో ఎలా చెప్పారనుకున్నారు? రాగి ఖనిజంలో కొంచెం సీసం కలిసి ఉంటుంది. సీసంలో బరువు తేడాతో నాలుగు రకాల పరమాణువులున్నాయి. వాటిని ఐసోటోపులంటారు. ఏ గనిలో ఆ నాలుగూ ఏ పాళ్ళలో ఉంటాయన్నది ఆ గని రాయి వయసును బట్టి, పుట్టుకను బట్టి ఉంటుంది. కరిగించినా, పోత పోసినా ఆ పాళ్ళు మారవు. ఉలుబురున్ రాగి పాళ్ళు సైప్రస్ ద్వీపపు గనులతో సరిపోయాయి.

ఇంక ఓడ సంగతి. ఉప్పునీళ్ళలో చెక్కకు పెద్ద శత్రువు ఓడపురుగు. పురుగంటారు గానీ అది నత్తగుల్లల జాతిది. పొడుగ్గా మెత్తగా ఉండి, తలకాయ దగ్గర రెండు చిన్న గుల్లలుంటాయి. వాటితో చెక్కను గీరి తొలుచుకుంటూ పోతుంది, దాన్నే తిని అరిగించుకుంటుంది. ఇసుకలో, బురదలో కూరుకుపోని చెక్కను బతకనివ్వదు. ఉలుబురున్ ఓడ 15 మీటర్ల పొడవుండేది, దాదాపు అంతా ఈ పురుగుల పాలైంది. మిగిలింది ఎక్కడో తెలుసా, రాగి దిమ్మెల కింద! రాగి లవణాలు ఆ పురుగుకు విషం. వేల ఏళ్ళ తర్వాత, 1761లో బ్రిటిష్ నౌకాదళం అలారం అనే తన ఓడ అడుగున రాగి రేకులు తాపడం చేయించింది కూడా ఈ పురుగుల బెడద తట్టుకోలేకే.

ఆ మిగిలిన కాసిన్ని చెక్కలే పెద్ద సంగతి చెప్పాయి. పలకలు లెబనాన్ దేవదారువి. ఒక్కొక్క పలక అంచులో లోతుగా గాడి తొలిచి, అందులో గట్టి ఓక్ చెక్క బిళ్ళ దూర్చి, దాని మీదికి పై పలకను దించి, రెండుపక్కలా చెక్క చీలలు కొట్టి బిగించారు. ముందు పైతొడుగంతా ఇలా కట్టేశాకే లోపలి చట్రం సంగతి చూసేవారు. మన తీరంలో పద్ధతి వేరే. మసూలా పడవలని వినే ఉంటారు. మేకన్నది లేకుండా పలకలను కొబ్బరిపీచు తాళ్ళతో కుట్టేవారు. ఒడ్డున విరుచుకుపడే కెరటం కొట్టినప్పుడు ఆ పడవ కొంచెం ఒంగి సర్దుకుంటుంది, పగలదు. మనవాళ్ళకు కెరటాలను తట్టుకోవడం ముఖ్యం, వాళ్ళకు బరువు మోయడం ముఖ్యం.

జాడీల దగ్గరికి వద్దాం. మధ్యధరా తూర్పుతీరాన ఉన్న కనాను దేశపు జాడీలు సుమారు 150. వాటిలో చాలావాటి నిండా పిస్తా జాతి చెట్టు బంక. ధూపానికి, సుగంధాలకు వాడేవారంటారు. కొన్నిట్లో ఆలివ్ కాయలు. ఒక జాడీ నిండా గాజుపూసలు. పెద్ద బానల్లో సైప్రస్ కుండలు దొంతరలుగా పేర్చి ఉన్నాయి. నల్లచేవ దుంగలు ఆఫ్రికావి. ఏనుగు దంతం, నీటిగుర్రం పళ్ళు, నిప్పుకోడి గుడ్ల పెంకులు కూడా ఉన్నాయి. ఎక్కడో ఉత్తరాన బాల్టిక్ సముద్రపు అంబరు పూసలు కొన్ని. తినే వస్తువులు చూస్తే అత్తిపళ్ళు, బాదం, ద్రాక్ష, దానిమ్మ, ధనియాలు, నల్ల జీలకర్ర. మూడు వేల మూడు వందల ఏళ్ళనాటి ధనియాలర్రా!

గాజు దిమ్మెలు 170కి పైగా. కొన్ని చిక్కటి నీలం, కొన్ని లేత నీలం. ఈజిప్టులో అమర్నా అనే చోట మట్టి పలకల మీద రాసిన రాజుల ఉత్తరాలు దొరికాయి. రాగి పంపుతున్నామనీ, గాజు కావాలనీ అందులో రాసుకున్నారు. చదివినవాళ్ళకు ముడిగాజు ఎలా ఉండేదో తెలియదు, ఎందుకంటే ఒక్క దిమ్మె కూడా నిండుగా మిగలలేదు. అవన్నీ గిన్నెలుగా, నగలుగా మారిపోయాయి. మొదటిసారి ఆ దిమ్మెలను చేత్తో పట్టుకుని చూసింది ఉలుబురున్‌లోనే. వాటిలోని నీలం గాజు ఈజిప్టు గాజుతో సరిపోయింది.

ఇవన్నీ ఒక ఎత్తు, నాకు అన్నిటికన్నా ఇష్టమైన వస్తువు ఇంకో ఎత్తు. దానిమ్మపళ్ళు పెట్టిన ఒక బానలో చిన్న చెక్క పుస్తకం దొరికింది. అరచేతిలో పట్టేంతే. రెండే అట్టలు, రెండూ గట్టి కర్రతో చేసినవి. మధ్యలో మడత పడడానికి దంతంతో చేసిన కీలు. ప్రతి అట్ట లోపలిభాగం కొంచెం పల్లంగా చెక్కి, దాని నిండా గీతలు గీశారు. ఎందుకంటే ఆ పల్లంలో మైనం పోసేవారు, గీతలుంటే మైనం జారిపోకుండా అంటుకుంటుంది. ఆ మైనం మీద పుల్లతో రాసుకుని, అవసరం తీరాక వేడిచేసి సాపు చేసి మళ్ళీ రాసుకోవచ్చు. ఏ సరుకు ఎవరికి, ఎంత అని లెక్కలు రాసుకున్నారో, ఉత్తరమే రాసుకున్నారో! మైనం పోయింది, రాత పోయింది. అట్టలు మాత్రం మిగిలాయి. అప్పటిదాకా తెలిసిన పాత మైనపు పలకలు ఇరాక్‌లో నిమ్రూద్ అనే చోట బావిలో దొరికినవి. ఇవి వాటికన్నా ఐదారు వందల ఏళ్ళు పాతవి.

ఓడ ఎప్పుడు మునిగిందని అడుగుతారు, తెలుసు. ఈజిప్టు రాణి నెఫర్తీతి పేరు చెక్కిన బంగారు పేడపురుగు బిళ్ళ ఒకటి దొరికింది. కాబట్టి ఆ రాణి కాలం కన్నా ముందు మునిగి ఉండదు. కట్టెల్లోని కార్బన్ లెక్క కట్టి, చెట్ల వలయాలు లెక్కించి, క్రీస్తుపూర్వం 1300కు అటూఇటూ అని తేల్చారు. ఓడవాళ్ళు ఎవరన్నది తూకపురాళ్ళు చెప్పాయి. సుమారు 150 రాళ్ళు, ఎక్కువ భాగం మధ్యధరా తూర్పుతీరపు తూకాల లెక్కవే. కొన్ని జంతువుల బొమ్మలు: ఆవు, బాతు, కప్ప. ఒకదాని మీద గొల్లవాడు మోకాళ్ళ మీద కూర్చుని మూడు దూడలకేసి చూస్తున్నాడు. రాళ్ళతో చేసిన లంగర్లు 24, అవీ ఆ తీరం వాళ్ళ పద్ధతివే. మైసీనియన్ కత్తులు, ముద్రలు జతలుగా దొరికాయి గనుక ఆ దేశపు పెద్దమనుషులిద్దరు ఓడలో ప్రయాణం చేస్తూ ఉండాలని పులాక్ అంచనా. మొత్తానికి ఓడ తూర్పు నుంచి పడమటికి పోతోంది, మోసేది ముడిసరుకు. బాస్ 1967లో అన్న మాట నిలబడింది.

ఇంకో సాక్షి కూడా ఉందర్రా, ఎవరూ పిలవకుండా ఎక్కిన సాక్షి. సరుకు మధ్య చిట్టెలుక దవడ ముక్క ఒకటి దొరికింది. 2008లో దాని పన్ను ఆకారాన్ని రకరకాల ఊళ్ళ ఎలుకల పళ్ళతో పోల్చి చూస్తే, ఆ ఎలుక సిరియా తీరంలో ఓడెక్కి ఉండాలని తేలింది. చూడండి, జల్లెడ పట్టకపోతే ఆ దవడ మట్టితో పోయేది. అందుకే ఓడను ఎవరైనా బంగారం కోసం కెలికారని చదివితే నాకు కడుపు రగిలిపోతుంది. వాళ్ళు తీసుకుపోయేది ఒక గొలుసు. పాడుచేసేది దాని పక్కనున్న ధనియాలు, ఎలుక పన్ను, ఏ వస్తువు దేని పక్కన ఉందన్న ఆచూకీ. అది మళ్ళీ దొరకదు.

ఓడ పగిలితే సరుకు ఎవరిదన్న ప్రశ్నకు మన నేల మీద కూడా ఒక జవాబుంది. బాపట్ల జిల్లా మోటుపల్లిలో 1244లో కాకతీయ గణపతిదేవుడు వేయించిన అభయశాసనం. గాలివానకు దెబ్బతిని ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు పూర్వపు రాజులు లాక్కునేవారనీ, తాను నిర్ణయించిన సుంకం తప్ప ఇంకేమీ ముట్టననీ వర్తకులకు మాటిచ్చాడు. ఆ శాసనంలో సుంకం కట్టాల్సిన సరుకుల జాబితా కూడా ఉంది. అందులో దంతం ఉంది, రాగి ఉంది. మోటుపల్లి వెళ్తే ఆ రాయిని చూసి రండి, రాగి పేరు వెతకండి.

చివరగా తగరం మాట. రాగి గుట్టు తేలిందిగానీ తగరం ఎక్కడిదో చాలాకాలం తేలలేదు. తగరంలో సీసం పాళ్ళు అంత సులువుగా పట్టుబడవు. 2022లో అమెరికా పరిశోధకులు తగరపు ఐసోటోపులు, దానిలోని ఇతర లోహాల జాడలు కలిపి చూసి ఒక జవాబు చెప్పారు. ఆ టన్నులో మూడోవంతు మధ్య ఆసియా కొండల్లోని ముషిస్తాన్ గనిదట, మిగిలింది టర్కీలోనే టారస్ కొండలది అయ్యుండాలట. ముషిస్తాన్ దగ్గర అప్పట్లో రాజ్యాలు లేవు, పట్టణాలు లేవు. పశువులు కాసుకునే చిన్న చిన్న కుటుంబాలు ఖనిజం తవ్వి, కరగబోసి, చేతులు మార్చుకుంటూ మూడు వేల కిలోమీటర్లకు పైగా పంపాయన్నమాట. జార్జ్ బాస్ అంతకు ముందు ఏడాదే, 2021లో పోయారు. తగరం దిమ్మెలు మాత్రం బోద్రుమ్ కోటలోని మ్యూజియంలో రాగి దిమ్మెల పక్కనే ఉన్నాయి. పరీక్షలు ఇంకా నడుస్తున్నాయి.